కణగర్భంలోని జీవసూత్రం – డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

తిరువళ్ళూరు, తిరుత్తణి పరిసరాలలోని పాఠశాలలలో చదువుకొనే పిల్లలకు వారానికి ఒకసారి చిన్న నీలిరంగు మాత్ర ఇవ్వడం నేటి తల్లిదండ్రులకు తెలిసిన విషయమే. 2013లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన రక్తహీనతా నివారణ పథకంలో భాగమది. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఇనుము రక్తానికి బలమని పాతకాలపు అమ్మమ్మలు కూడా ఎరుగుదురు. రెండవ పదార్థం పరిమాణంలో ఇనుము కన్న 120 రెట్లు తక్కువ. అయినా అది లేనిదే శరీరంలో ఒక్క కొత్త కణమైనా సక్రమంగా పుట్టదు. కణానికి జీవసూత్రమైన డి.ఎన్.ఏ.ను పేనడానికి అది అత్యవసరం.

ఆ ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని నిర్ణయించి, ప్రయోగశాలలో తయారుచేసే మార్గాన్ని లోకానికి చూపిన పరిశోధక బృందానికి సారథ్యం వహించినవారు ఒక తెలుగు బిడ్డ. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మదరాసు నగరంలో మూడవ పర్యాయం గట్టెక్కిన విద్యార్థి ఆయన. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

బాల్యం – విద్య

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఆయన నాల్గవవారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వలన ముందుగానే ఉద్యోగం విరమించవలసి వచ్చింది. పెద్ద కుటుంబం, చాలీచాలని ఆదాయం, ఇంటిని విడువని వ్యాధులు – ఇదీ ఆయన బాల్యం.

బాలుడైన సుబ్బారావుకు చదువుపై మొదట అంతగా ఆసక్తి ఉండేది కాదు. పదమూడేళ్ళ ప్రాయంలో దాయాది బాలునితో కలిసి, వారణాసి వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలనే తలంపుతో ఇల్లు విడిచి బయలుదేరారు. పెద్దలు దారిలోనే పట్టుకొని వెనుకకు తీసుకువచ్చారు. ఆ రోజున ఆయన తప్పించుకొని వెళ్ళి ఉంటే కాశీ ఘట్టాల వద్ద ఒక అరటిపండ్ల వ్యాపారి అధికమయ్యేవాడు. వైద్యశాస్త్రం మాత్రం ఎంతో కోల్పోయేది. బిడ్డ ఎట్లయినా చదువుకొని తీరవలెనన్న తల్లి పట్టుదలయే ఆయనను తిరిగి బడి గడప ఎక్కించింది.

రాజమహేంద్రవరంలో సాగిన చదువు ఒడిదొడుకులతో నడిచింది. ఆప్తుల మరణాలు బాలుని మనస్సును కలచివేశాయి. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. చివరకు మదరాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో చేరి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. ఆ పాఠశాల చరిత్ర కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1852లో తెలుగు బాలుర కొరకు ఒకటి, తమిళ బాలుర కొరకు ఒకటిగా మొదలైన రెండు పాఠశాలలు తరువాత ఏకమై ఎదిగిన సంస్థ అది. రెండు భాషల బిడ్డలు ఒకే గూటిలో చదువుకొన్న ఆ ఆవరణం సుబ్బారావు గారికి రెండవ జన్మనిచ్చింది. ఒకసారి ఓడిన విద్యార్థికి మరొకసారి అవకాశమిచ్చే పాఠశాల సమాజానికి ఎంతటి మేలు చేయగలదో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అదే కళాశాలలో తత్త్వశాస్త్రం బోధిస్తున్న కాలమది. ఒకరు తత్త్వచింతనతో, మరొకరు జీవరసాయన శాస్త్రంతో ముందుముందు ఖండాంతర ఖ్యాతి గడించవలసినవారు. సుబ్బారావు గారి మనస్సు కూడా అప్పట్లో ఆధ్యాత్మిక చింతన వైపే మొగ్గింది. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్న్యసించాలని ఆయన సంకల్పించారు. తల్లి అంగీకరించలేదు. వైద్యం నేర్చి రోగులకు సేవచేయడం కూడా సాధనయేనని మిషన్ పెద్దలు నచ్చజెప్పగా మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికి వైద్య కళాశాల లేదు. విశాఖపట్నంలో కళాశాల వెలసింది 1923లో. వైద్యం చదవగోరిన తెలుగు యువకులకు మదరాసే గమ్యం. మిత్రులూ, తరువాత పిల్లనిచ్చిన మామగారూ ఆర్థికంగా ఆదుకొనగా చదువు సాగింది.

ఖద్దరు – పట్టా

గాంధీ మహాత్ముని పిలుపు నందుకొని విదేశీ వస్త్రాలను బహిష్కరించిన విద్యార్థులలో సుబ్బారావు గారు ఒకరు. శస్త్రచికిత్స తరగతికి సైతం ఖద్దరు అంగీ ధరించి వెళ్ళారు. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. వ్రాత పరీక్షలలో చక్కగా రాణించినా, చివరకు ఆయనకు దక్కినది పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు మదరాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర అధ్యాపకులుగా చేరారు.

లక్ష్మీపతి గారితో ఆయనకు గల అనుబంధం ఉద్యోగంతో ముగిసేది కాదు. సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. ఉష్ణదేశాలలో కనిపించే ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. విరేచనాలతో రోగి నానాటికి శుష్కించి, రక్తహీనుడై, కళ్ళముందే కరిగిపోతాడు. సుబ్బారావు గారు స్వయంగా ఆ వ్యాధి బారిన పడ్డారు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు. తాను బ్రతికాడు, తోబుట్టువులు పోయారు. ఆ రోగానికి మూలమేమిటి? ఏ పదార్థం లోపించినందువలన రక్తం అట్లా పాలిపోతుంది? ఈ ప్రశ్నకు ఆనాటి పాశ్చాత్య వైద్యంలో సమాధానం లేదు. ఆ సమాధానం కొరకే ఆయన సముద్రం దాటారని చెప్పినా తప్పు కాదు.

బోస్టన్ నగరంలో

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారి ఆర్థిక సహాయమూ, మామగారి అండయూ తోడుకాగా, 1920వ దశకం ఆరంభంలో సుబ్బారావు గారు అమెరికా చేరుకొని, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యశాస్త్రంలో డిప్లొమా చేశారు. చేతిలో డబ్బు లేదు. మన దేశపు పట్టాతో అక్కడ వైద్యం చేసే వీలు లేదు. పొట్టపోసుకొనుటకు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ చిల్లర పనులు చేశారు. పగలు శాస్త్రం, రాత్రి రోగుల పడకలు సవరించే పని. ఆయన స్వదేశం విడిచిన తరువాత జన్మించిన కుమారుడు నెలల వయస్సులోనే మరణించాడన్న వార్త సముద్రం దాటి చేరింది. తండ్రి ఆ బిడ్డ ముఖమైనా చూడలేదు.

హార్వర్డ్ జీవరసాయన శాస్త్ర విభాగంలో ఆటో ఫోలిన్ ఆచార్యుల నేతృత్వంలో, సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన పరిశోధన ఆరంభించారు. 1925లో వారిద్దరూ రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే సులభ పద్ధతిని ప్రకటించారు. ద్రావణంలో నీలిరంగు ఎంత గాఢంగా ఏర్పడితే భాస్వరం అంత ఎక్కువగా ఉన్నట్లు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధికెక్కిన ఆ విధానం ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలన్నింటికీ నిత్యావసర సాధనమైంది. కేంద్రకామ్లాలలో ప్రతి మెట్టుకూ ఒక భాస్వరపు లంకె ఉంటుంది. కావున భాస్వరాన్ని కొలిచే ఈ పద్ధతి, డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ.ల పరిమాణాన్ని లెక్కించదలచిన శాస్త్రజ్ఞులకు కూడా దశాబ్దాలపాటు ఉపయోగపడింది.

ఈ కొలబద్దను చేతబట్టుకొనే ఆయన కండరాలలో దాగిన రహస్యాలను వెలికితీశారు. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడిదనే విషయంలో అప్పటివరకు లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం చెల్లుబాటులో ఉండేది. ఆ రంగంలో కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. 1927లో ఫిస్కే, సుబ్బారావులు ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొని ఆ భావనను మార్చివేశారు. 1929లో ఎ.టి.పి. అనే అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కండరం నుండి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా అదే సంవత్సరం దానిని కనుగొన్నారు. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం కణానికి శక్తినిచ్చే నాణెం ఎ.టి.పి. అని చదువుకొంటాడు. ఆ నాణెంపై ఒక తెలుగువాని పేరు కూడా చెక్కి ఉన్నదని ఎందరికి తెలుసు?

1930లో సుబ్బారావు గారికి డాక్టరేటు లభించింది. పదేళ్ళు గడిచినా శాశ్వత స్థానం మాత్రం లభించలేదు. ఆ సంవత్సరాలలో ఆయన వేరుచేసిన న్యూక్లియోటైడులు కొన్ని అప్పట్లో వెలుగు చూడలేదని, తరువాతి కాలంలో ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, హార్వర్డ్‌లో ఆ రోజులలో పరిశోధక విద్యార్థిగా ఉండి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ పేర్కొన్నారు. న్యూక్లియోటైడులంటే కేంద్రకామ్లాలను కట్టే ఇటుకలు. తన శ్రమఫలం బీరువాలలో ఉండిపోయిన సమయంలో కూడా సుబ్బారావు గారు గొంతెత్తి వాదించిన మనిషి కారు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారి, అక్కడ కొద్దికాలంలోనే పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు.

ఫోలిక్ ఆమ్లం

ఫోలిక్ ఆమ్లం కథ మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భవతులలో కనిపించే తీవ్ర రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారం తినిపిస్తే అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. అందులోని గుణకారి ఏదో తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి సూక్ష్మజీవుల పెరుగుదలకు అవసరమైన పదార్థాన్ని రాబట్టి, ఆకును సూచించే లాటిన్ పదంతో దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు. అయితే టన్నులకొద్దీ ఆకు నుండి లభించేది చిటికెడు పదార్థం. రోగులకు ఇవ్వాలంటే దానిని కృత్రిమంగా తయారుచేయక తప్పదు.

సుబ్బారావు గారు నడిపించిన బృందం కాలేయం నుండి, సూక్ష్మజీవుల పులియబెట్టిన ద్రావణం నుండి ఆ పదార్థాన్ని శుద్ధిచేసి, రసాయన నిర్మాణాన్ని ఛేదించి, 1945లో కృత్రిమ సంశ్లేషణను ప్రకటించింది. ఆ ప్రకటనలో ఆయన పేరు పలువురి పేర్ల నడుమ ఒకటిగానే ఉంది. మరుసటి సంవత్సరానికే టామ్ స్పైస్ అనే వైద్యుడు స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లాన్ని ఇచ్చి, వారి రక్తం తిరిగి ఎరుపెక్కడాన్ని చూశారు. సుబ్బారావు గారి సోదరులను బలిగొన్న వ్యాధికి మందు లభించింది. పాతికేళ్ళ వేటకు ఫలం దక్కింది. కాని ఆ ఫలాన్ని అందుకోవలసిన సోదరులు లేరు.

నూలు – కండె – కణం

ఈ పదార్థం ఇంత పని ఎట్లా చేస్తుందో తెలుసుకోవాలంటే కణగర్భంలోనికి తొంగిచూడాలి. తిరుత్తణికి చేరువలోని పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం వంటి ఊళ్ళలో మగ్గం ఎరుగని ఇల్లు అరుదు. బారలకొద్దీ నూలును చిక్కుపడకుండా ఒక చిన్న కండెకు చుట్టి ఉంచడం అక్కడి పిల్లలకు కూడా తెలిసిన విద్య. ప్రకృతి కణంలో చేసిన ఏర్పాటు సరిగ్గా అటువంటిదే.

మానవ దేహంలోని ఒక్కొక్క కణంలో ఉన్న డి.ఎన్.ఏ. దారాలన్నింటినీ చివరకు చివర కలిపి సాగదీస్తే సుమారు 2 మీటర్లు, అనగా నాలుగు మూరలకు పైగా ఉంటుంది. అది ఇమిడి ఉండవలసిన కేంద్రకమో, ఆవగింజ అడ్డుకొలతలో 200వ వంతుకు మించదు. ఈ ఇముడిక సాధ్యం కావడానికి హిస్టోనులనే మాంసకృత్తులు కండెలవలె పనిచేస్తాయి. ఎనిమిది హిస్టోనులు ఒక ముద్దగా చేరగా, దాని చుట్టూ 147 జతల అక్షరాల పొడవున్న డి.ఎన్.ఏ. దాదాపు ఒకటిన్నర చుట్లకు పైగా చుట్టుకొంటుంది. దీనినే న్యూక్లియోసోము అంటారు. దారానికి గుచ్చిన పూసలవలె లక్షలాది న్యూక్లియోసోములు వరుసగా ఏర్పడి, అవి మళ్ళీ మడతలు పడి, కణం విభజన చెందే వేళకు 46 క్రోమోజోములుగా దర్శనమిస్తాయి. న్యూక్లియోసోముల ఈ అమరికను 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ వివరించారు.

దారంలోని అక్షరాలు నాలుగే – అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్. కణం రెండు కణాలుగా చీలే ముందు ఈ దారం యావత్తూ కొత్తగా మరొక ప్రతి తయారు కావాలి. అక్షరాలు కూడా ఆ మేరకు కొత్తగా తయారు కావాలి. థైమిన్ అనే అక్షరం యురాసిల్ అనే మరొక పదార్థానికి ఒక చిన్న కర్బన ఖండాన్ని తగిలించడం వలన ఏర్పడుతుంది. ఆ కర్బన ఖండాన్ని మోసుకొనివచ్చే కూలి ఫోలిక్ ఆమ్లమే. అడినిన్, గ్వానిన్‌ల తయారీలో కూడా దాని చేయి ఉంది.

ఫోలిక్ ఆమ్లం కొరవడినపుడు థైమిన్ చాలదు. థైమిన్ ఉండవలసిన స్థానంలో యురాసిల్ వచ్చి కూర్చుంటుంది. కణంలోని దిద్దుబాటు యంత్రాంగం ఆ తప్పును గుర్తించి అక్కడ దారాన్ని కత్తిరిస్తుంది. పూరించడానికి మళ్ళీ థైమిన్ లేదు. మళ్ళీ యురాసిలే వస్తుంది, మళ్ళీ కత్తిరింపు జరుగుతుంది. నూలు చాలని మగ్గం వలె పని నిలిచిపోతుంది, పోగులు తెగుతాయి. మానవుని ఎముకల మూలుగలో రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్ర రక్తకణాలు పుట్టాలి. కావున ఈ కొరత తొలుత రక్తంలోనే బయటపడుతుంది. సూక్ష్మదర్శినిలో చూచినపుడు, ముడుచుకొని చిన్నదై చివరకు తొలగిపోవలసిన కేంద్రకం ముడుచుకొనక, విడివడిన దారపు ఉండవలె వదులుగా ఉండిపోతుంది. కణం ఆకారం మాత్రం పెరిగిపోతుంది. పెద్దవై, కొరగానివైన ఆ కణాలలో అధికభాగం మూలుగలోనే నశిస్తాయి. రోగి పాలిపోతాడు. సుబ్బారావు గారి సోదరుల దేహాలలో జరిగిన విధ్వంసం ఇదే.

విచిత్రమేమంటే, కణగర్భంలోని ఈ దారాల వ్యవహారంలో సుబ్బారావు గారి రెండు ఆవిష్కరణలూ కలుస్తాయి. ఫోలిక్ ఆమ్లం దారానికి ముడిసరుకు సమకూరుస్తుంది. కండెల నుండి దారాన్ని విప్పి, జంట పోగులను వేరుపరచే యంత్రాంగానికి కావలసిన శక్తిని ఎ.టి.పి. అందిస్తుంది. డి.ఎన్.ఏ. ద్వికుండలి నిర్మాణం 1953లో వెలువడింది. ఆయన దానిని చూడలేదు. చిత్రం పూర్తికాకముందే అందులోని రెండు ముఖ్య భాగాలను లోకానికి అప్పగించి వెళ్ళారు.

ప్రాణం పోసేదే ఆయుధమైన వేళ

కణం పెరగడానికి ఫోలిక్ ఆమ్లం అవసరమైతే, అదుపు తప్పి పెరిగే కణాలకు దానిని అందకుండా చేస్తే ఏమవుతుంది? బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేస్తున్న సిడ్నీ ఫార్బర్‌ను ఈ ఆలోచన ఆకర్షించింది. రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలు అప్పట్లో వారాలలోనో, నెలలలోనో కన్నుమూసేవారు. వైద్యుని చేతిలో మందన్నది లేదు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, కణాన్ని ఏమార్చి, దాని స్థానాన్ని ఆక్రమించే కృత్రిమ పదార్థాలను సుబ్బారావు గారి బృందం తయారుచేసి ఫార్బర్‌కు పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ముఖ్యమైనది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలను ప్రకటించారు. మందు పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమే. వ్యాధి మళ్ళీ తిరగబెట్టింది. అయినా రక్తపు క్యాన్సరును మందుతో వెనుకకు నెట్టవచ్చునని లోకానికి తెలిసివచ్చింది అప్పుడే.

అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్ కన్న సురక్షితమైనదిగా నిలిచింది. 1956లో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భసంచికి సంబంధించిన ఒక క్యాన్సరును ఆ మందుతో రూపుమాపగలిగారు. నేడు పిల్లల రక్తపు క్యాన్సరు చికిత్సలో మెథోట్రెక్సేట్ ఒక ప్రధాన ఔషధం. తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి కూడా వైద్యులు దానిని ఇస్తున్నారు.

లెడర్లీలో సుబ్బారావు గారి దృష్టి స్వదేశపు వ్యాధులపై నిలిచే ఉంది. బోదకాలుకు మందు వెదికించారు. 1947లో హెట్రజాన్ అనే పేరుతో వెలువడిన డైఇథైల్‌కార్బమజీన్ ఆ అన్వేషణకు ఫలం. తరువాతి దశాబ్దాలలో తమిళనాడులోను, ఆంధ్రప్రదేశ్‌లోను బోదకాలు నిర్మూలనకై ఇంటింటికీ పంచిన మాత్ర అదే. 1948లో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ తరగతికి చెందిన మొదటి సూక్ష్మజీవనాశకం, ఆయన పర్యవేక్షణలో వృద్ధుడైన బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది. డగ్గర్ విశ్వవిద్యాలయం నుండి విశ్రాంతి పొందినవారు. వయసు మీరినదని ఎవరినీ పక్కకు నెట్టకుండా, పని తెలిసినవారికి పని అప్పగించడం సుబ్బారావు గారి పద్ధతి.

నిరాడంబర జీవితం – అకాల నిష్క్రమణ

ఇన్ని విజయాల నడుమ ఆయన జీవితం ఒంటరిదిగానే సాగింది. త్వరలో తిరిగి వస్తానని విడిచి వెళ్ళిన భార్యను మళ్ళీ చూడలేదు. పరిశోధన ముగియలేదు; ఒకటి ముగిసేలోగా మరొకటి ఎదురు నిలిచేది. ఆ ఇల్లాలు పాతికేళ్ళు నిరీక్షించి, చివరకు వార్త మాత్రమే అందుకొన్నారు. లోకానికి మేలుచేసిన జీవితాలకు ఇంట్లోనివారు చెల్లించే మూల్యం పెద్దది. ఈ చరిత్రను చదివేవారు దానిని విస్మరించరాదు.

అమెరికాలో ఆయన దాదాపు జీవితాంతం పరదేశిగానే మెలిగారు. 1946లో వచ్చిన చట్టం భారతీయులకు అక్కడి పౌరసత్వానికి ద్వారాలు తెరిచినా, ఆయన పౌరుడు కాకుండానే కన్నుమూశారు. తన పేరు కొరకు ఆరాటపడలేదు. పత్రికలవారికి దూరంగా ఉండేవారు. సహచరులకు గౌరవం దక్కే సందర్భాలలో తాను వెనుక వరుసలో నిలిచేవారు. 1948 ఆగస్టులో న్యూయార్కు ప్రాంతంలోని నివాసంలో నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయనకు 53 సంవత్సరాలు. ఫార్బర్ వ్యాసం వెలువడి రెండు నెలలే అయింది. స్వతంత్ర భారతదేశానికి ఇంకా ఏడాది నిండలేదు.

1953లో సహోద్యోగి ఒకరు కొత్తగా కనుగొన్న ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టి ఆయన స్మృతిని నిలిపారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆయన వెళ్ళిన తరువాత కూడా ఫోలిక్ ఆమ్లం తన పని మానలేదు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ప్రచురించిన అధ్యయనంలో, గర్భధారణకు ముందు నుండే ఫోలిక్ ఆమ్లం తీసుకొన్న స్త్రీలలో బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడని లోపాలు మళ్ళీ తలెత్తడం నూటికి 72 వంతులు తగ్గినట్లు వెల్లడైంది. వేగంగా చీలుతూ పెరిగే ఆ పసికణాలకు డి.ఎన్.ఏ. ముడిసరుకు సమయానికి అందడం ఎంత ముఖ్యమో దీనివలన తేటతెల్లమైంది. పాలకూర, తోటకూర, పెసలు, శనగలు, వేరుశనగ వంటి మన వంటింటి పదార్థాలలోనూ ఇది లభిస్తుంది. ఆకుకూరలు అధికసేపు ఉడికించి నీరు పారబోస్తే చాలావరకు నశిస్తుంది గనుక, తల్లులు ఈ విషయం గమనించాలి.

సుబ్బారావు గారి జీవితంలో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది విద్యార్థులకు. రెండుసార్లు తప్పిన పరీక్షా ఫలితం ఆయన జీవితాన్ని నిర్ణయించలేదు. తక్కువ స్థాయి పట్టా ఆయన జ్ఞానాన్ని కుదించలేదు. రెండవది ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు. చదువు మీద మనసు నిలువని పదమూడేళ్ళ బాలుని దారి నుండి వెనుకకు తీసుకువచ్చినవారు, మూడవసారి పరీక్షకు కూర్చోబెట్టినవారు లేకపోతే ఆ నీలిమాత్ర ఈనాడు మన పిల్లల చేతికి అందేదో లేదో.

1960లో తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి వేరుపడి మదరాసు రాష్ట్రంలో చేరింది. ఎల్లలు మారినా ఇక్కడి ఇళ్ళలో తెలుగు నిలిచింది. తెలుగు మాధ్యమంలో చదువు నిలిచింది. అరటిపండ్లు అమ్మబోయిన భీమవరపు బాలుడు, మదరాసులో మెట్రిక్యులేషన్ గట్టెక్కి, కణగర్భంలోని జీవసూత్రానికి నూలు అందించాడు. అటువంటి బాలుడు నేడు ఈ ప్రాంతపు ఏ తరగతిలోనో, చివరి బల్లపైన, కిటికీలోనుండి బయటకు చూస్తూ కూర్చొని ఉండవచ్చు. అతనిని గుర్తించి, మరొక అవకాశం ఇవ్వడమే విద్యాలయాల ధర్మం.